పదకొండు పేర్లు రాసేవాడు

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో అప్రైజల్ రోజులొస్తే ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది: "తర్వాతి రోల్‌కి రెడీనా?" జవాబు చెప్పడానికి ఒక ఫారం కూడా ఉంటుంది. ఇన్నేళ్ళ అనుభవం, ఇన్ని ప్రాజెక్టులు, ఇన్ని కోర్సులు. గడులన్నిట్లో టిక్కులు పడితే రెడీ అయినట్టే లెక్క. ఆ ఫారాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, ప్రశ్న మాత్రం మంచిదే. ఒకరి కింద పనిచేయడానికీ, పదిమందిని వెంట నడిపించడానికీ మధ్య గీత ఎక్కడుంది? దాన్ని దాటే వేళయిందని ముందు ఎవరికి తెలుస్తుంది? దాటేవాడికా, పక్కనుంచి చూసేవాళ్ళకా?

ఈ ప్రశ్నకి జవాబు వెతకాలంటే ఫుట్‌బాల్ చరిత్ర మంచి చోటు. అక్కడ హెడ్ కోచ్ పనిలో దాపరికం తక్కువ. ఆఫీసులో మేనేజర్ తీసుకున్న తప్పు నిర్ణయం బయటపడటానికి రెండేళ్ళు పట్టొచ్చు, అసలు బయటపడకనే పోవచ్చు. కోచ్ నిర్ణయం తొంభై నిమిషాల్లో వేలమంది ముందు తేలిపోతుంది. అసిస్టెంట్ కోచ్‌కి ఆట మీద ఎంత పట్టున్నా అతను చెప్పేది సలహా. హెడ్ కోచ్ కాగితం మీద పదకొండు పేర్లు రాస్తాడు. పన్నెండోవాడి ముఖంలోకి చూసి, "ఈరోజు నువ్వు ఆడటం లేదు" అని చెప్పాల్సిందీ ఆయనే. తేడా అంతా అక్కడే ఉంది.

విచిత్రమేమిటంటే, ఆధునిక ఫుట్‌బాల్‌కి నియమాలు రాసిపెట్టిన ఇంగ్లండ్‌లోనే జాతీయ జట్టుకి చాలాకాలం ఇలాంటి మనిషి లేడు. 1946లో మొదటిసారి ఒక శాశ్వత మేనేజర్ని పెట్టుకున్నారు. ఆయన పేరు వాల్టర్ వింటర్‌బాటమ్, వయసు 33. వృత్తిరీత్యా బడిపంతులు. మాంచెస్టర్ యునైటెడ్‌కి కొంతకాలం ఆడి, వెన్నెముక జబ్బుతో ఆట మానుకున్నాడు. అప్పటిదాకా ఏ పెద్ద క్లబ్బుకీ మేనేజర్‌గా చెయ్యలేదు. చదువుకున్నవాడు, ఓపిగ్గా నేర్పగలవాడు. దేశమంతటా కోచ్‌లకి శిక్షణ తరగతులు నడిపి, ఒక తరాన్నే తయారు చేశాడు. కానీ జట్టుని ఎంపిక చేసే అధికారం మాత్రం ఆయనకి లేదు! ఆ పని సెలక్షన్ కమిటీది. కమిటీలో క్లబ్బుల పెద్దలు కూర్చుని పేర్లు తేలిస్తే, ఆ వచ్చినవాళ్ళతో వింటర్‌బాటమ్ ఆడించాలి. 1950 ప్రపంచకప్‌లో అమెరికా చేతిలో 1-0తో ఓడినప్పుడూ, 1953లో వెంబ్లీలో హంగరీ 6-3తో చిత్తుచేసినప్పుడూ నిందలో ఆయనకి వాటా దక్కింది. పేర్లు రాసే కాగితంలో దక్కలేదు.

ఆయన తర్వాత 1962లో ఆ పదవికి పిలిచినప్పుడు ఆల్ఫ్ రామ్సే ఒక షరతు పెట్టాడు: జట్టుని ఎంచేది నేనొక్కణ్ణే. నాలుగేళ్ళ తర్వాత, 1966లో, ఇంగ్లండ్ ప్రపంచకప్ గెలిచింది. రామ్సే గొప్ప, వింటర్‌బాటమ్ తక్కువ అని దీన్నుంచి తేల్చడం నాకు సరికాదనిపిస్తుంది. హెడ్ కోచ్ పనికి వింటర్‌బాటమ్ సిద్ధంగా ఉన్నాడో లేదో తెలిసే అవకాశమే పదహారేళ్ళలో ఎవరూ ఇవ్వలేదు, అంతే. నిర్ణయం చేతిలో లేనివాడి సంసిద్ధత గురించి మనం ఏమీ చెప్పలేం.

దాదాపు అదే కాలంలో హైదరాబాద్‌లో ఇంకో బడిపంతులు ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాద్‌లోనే పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు, అక్కడి జట్టుకి ఆడాడు. తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల బళ్ళలో పాఠాలు చెప్పాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నాడు. దేశమంతా చెప్పుకునే ఆటగాడేం కాదు. ఆయన్ని అందరూ 'రహీమ్ సాబ్' అనే పిలిచేవారు. ఆ 'సాబ్'లో గోల్స్ కొట్టిన వీరుడి మీద అభిమానం కంటే మాస్టారి మీద ఉండే భయభక్తులే ఎక్కువ వినిపిస్తాయి.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి కార్యదర్శి అయ్యాడు. పోయేదాకా, అంటే ఇరవై ఏళ్ళు, ఆ పని వదల్లేదు. కార్యదర్శి అనగానే కుర్చీ, సంతకాలు గుర్తొస్తాయి. రహీమ్ ఆ కుర్చీని ప్రయోగశాలగా వాడుకున్నాడు. బలహీనమైన కాలితోనే ఆడాలి అనే నియమంతో టోర్నమెంట్లు పెట్టాడు. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే తన్నాలి. డ్రిబ్లింగ్ చెయ్యకూడదు అనే నియమంతో ఇంకొన్ని. బంతి కాలికి తగలగానే ఎవరికో ఒకరికి అందించాల్సిందే. హైదరాబాద్ కుర్రాళ్ళకి బంతిని కాళ్ళ మధ్య ఆడించి చూపించడం సరదా. ఆ సరదాని తిట్టి మాన్పించడం కష్టం. ఆట నియమమే మార్చేస్తే పాస్ ఇవ్వడం వాళ్ళంతట వాళ్ళే నేర్చుకుంటారు. ఉపన్యాసంతో కాని పని ఒక చిన్న నిబంధనతో అయిపోతుందని తెలియాలంటే, తరగతి గదిలో ఏళ్ళ తరబడి పిల్లల్ని గమనించి ఉండాలి.

సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరామ్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పేద కుటుంబం. రోజూ హైదరాబాద్ దాకా ప్రాక్టీసుకి రావడానికి డబ్బులు లేవంటే, సైకిల్ అద్దెకి రహీమ్ తన జేబులోంచి ఇచ్చేవాడని బలరామ్ తర్వాతి కాలంలో చెప్పుకునేవాడు. ఆ కుర్రాడే రెండు ఒలింపిక్స్ ఆడి, మన దేశపు గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు.

1950 నుంచి 1954 దాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా. ఆ జట్టుని తీర్చిదిద్దింది రహీమే. అదే సమయంలో జాతీయ జట్టు బాధ్యత కూడా ఆయనకే వచ్చింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. పదవి ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేనాటికి ఆ పదవిలో చెయ్యాల్సిన పనులన్నీ ఆయన ఏదో ఒక పేరుతో చేస్తూనే ఉన్నాడు. పిల్లల్ని ఎంచడం, కొందర్ని పక్కన పెట్టడం, గొడవలు తీర్చడం, ఓటమి తర్వాత మర్నాడు పొద్దున్నే మళ్ళీ మైదానానికి రావడం.

అయితే ఇక్కడితో కథ ఆపితే అది పొగడ్త అవుతుంది. మరుసటి ఏడాదే, 1952లో, హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో మనల్ని ఓడించింది. ఆ చలిలో మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. 'ఈ కోచ్ ఇంత పెద్ద వేదికకి సిద్ధంగా లేడు' అని ఆరోజు ఎవరన్నా అంటే కాదనడానికి ఏముంది? స్కోరే చెబుతోంది కదా.

నాలుగేళ్ళు గడిచాయి. బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఇంగ్లండ్ మీద హంగరీ ప్రయోగించిన వ్యూహాలు రహీమ్ దాకా వచ్చాయి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్ళిన జట్టులో పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మొహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ లాంటి హైదరాబాద్ వాళ్ళు గణనీయంగా ఉన్నారు. ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో ఎదురైంది మళ్ళీ యుగోస్లావియానే. ఈసారి ముందు గోల్ కొట్టింది మనం. చివరికి 4-1తో ఓడాం, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. భారత ఫుట్‌బాల్ ఒలింపిక్స్‌లో అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్ళలేదు. పదవి చేతికొచ్చే నాటికి మనిషి పూర్తిగా తయారై ఉంటాడని మనం అనుకుంటాం. రహీమ్ విషయంలో తయారీలో సగం పదవిలోకి వచ్చాక, పది గోల్స్ తిన్న తర్వాత జరిగింది.

ఇక 1962 జకార్తా. 'మైదాన్' సినిమా పుణ్యమా అని 2024 తర్వాత ఈ కథ చాలామందికి తెలిసింది. సినిమాలో ఉద్వేగం ఎక్కువ కనిపిస్తుంది, నాకు మాత్రం నిర్ణయాలు ముఖ్యమనిపిస్తాయి. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయారు. తర్వాత థాయ్‌లాండ్ మీద గెలిచారు గానీ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. మామూలుగా ఆలోచిస్తే రెండే దారులు: విశ్రాంతి ఇవ్వడం, లేదా అతని స్థానంలోనే ఆడించడం. రహీమ్ మూడోది ఎంచుకున్నాడు. అతన్ని వెనకనుంచి తీసి ముందుకి పంపాడు, ఫార్వర్డ్‌గా! సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. ఫైనల్ మళ్ళీ కొరియాతోనే. గోల్‌కీపర్ ప్రద్యుత్ బర్మన్ అప్పటిదాకా బాగానే ఆడుతున్నాడు. ఫైనల్‌కి అతన్ని పక్కనపెట్టి తంగరాజ్‌ని తెచ్చాడు. గెలుస్తున్న జట్టుని కదపడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది.

సెప్టెంబర్ 4న దాదాపు లక్షమంది మనల్ని గేలి చేస్తుండగా ఆ ఫైనల్ జరిగింది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాల్ని క్రీడలకి రానివ్వలేదని మన క్రీడాధికారి జి.డి. సోంధీ విమర్శించినందుకు ఇండోనేషియా జనం మండిపడుతున్నారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం. అప్పటికే రహీమ్ ఒంట్లో కేన్సర్ ఉంది. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న పోయాడు.

రహీమ్ కథ చదువుతుంటే నాకు బాబ్ పైస్లీ గుర్తొస్తాడు. ఇద్దరికీ పరిచయం లేదు, దేశం వేరు, స్థాయి వేరు. 1974 జులైలో లివర్‌పూల్ మేనేజర్ బిల్ షాంక్లీ హఠాత్తుగా రాజీనామా చేశాడు. ఊరంతా దేవుడిలా కొలిచే మనిషి. ఆ కుర్చీలో కూర్చోమని అతని సహాయకుడు పైస్లీని అడిగారు. ఆయనకి అప్పటికి 55 ఏళ్ళు, అసలు ఇష్టం లేదు. అందరూ కలిసి ఒప్పించాల్సి వచ్చింది. 'సిద్ధంగా ఉన్నావా' అని ఫారం ఇచ్చి ఉంటే 'లేను' అనే రాసేవాడు.

గని కార్మికుడి కొడుకైన పైస్లీ 1939లో ఆ క్లబ్బులో చేరాడు. ఆటగాడిగా, తర్వాత రిజర్వ్ జట్టు ట్రైనర్‌గా, స్వయంగా నేర్చుకున్న ఫిజియోథెరపిస్టుగా, చివరికి షాంక్లీ కుడిభుజంగా ముప్పై ఐదేళ్ళు అక్కడే గడిపాడు. ఆటగాడు నడిచే తీరు చూసి ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పేవాడంటారు. ఆయన జీవితంలో నన్ను ఆపిన ఘట్టం మాత్రం 1950 నాటిది. ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్లో ఎవర్టన్ మీద గోల్ కొట్టి జట్టుని ఫైనల్‌కి చేర్చినవాళ్ళలో ఆయనా ఒకడు. ఫైనల్ జట్టులో మాత్రం ఆయన పేరు లేదు. క్లబ్బు వదిలిపోదామన్నంత బాధపడ్డాడు. పాతికేళ్ళ తర్వాత, ఆటగాళ్ళకి 'నువ్వు ఆడటం లేదు' అని చెప్పాల్సి వచ్చినప్పుడు, అవతలివాడి కడుపులో ఏం జరుగుతుందో ఆయనకి తెలుసు. ఏ కోర్సులోనూ నేర్పని పాఠమిది.

మొదటి సీజన్లో పైస్లీ ఏ కప్పూ గెలవలేదు, లీగ్‌లో రెండో స్థానం. ఫార్వర్డ్‌గా వచ్చిన రే కెనడీని మిడ్‌ఫీల్డ్ ఎడమవైపుకి మార్చాడు, మనవాళ్ళ జర్నైల్ ఫార్వర్డ్ అయినట్టు. తొమ్మిది సీజన్లు ముగిసేసరికి ఆరు లీగ్ టైటిల్స్, మూడు యూరోపియన్ కప్పులు వచ్చాయి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఆండ్రియా పిర్లో నిలబడతాడు. తన తరంలో అంత తెలివైన మిడ్‌ఫీల్డర్లు వేళ్ళ మీద లెక్కించేంత మంది. 2020 జులై 30న యువెంటస్ అండర్-23 జట్టుకి కోచ్‌గా ప్రకటించారు. ఆగస్టు 8న నేరుగా పెద్ద జట్టునే అప్పజెప్పారు. పట్టుమని పది రోజులు కాలేదు, అండర్-23 జట్టుతో ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు. వరసగా తొమ్మిదేళ్ళు లీగ్ గెలిచిన క్లబ్బు ఆ ఏడాది నాలుగో స్థానంలో నిలిచింది. ఇటాలియన్ కప్ గెలిచినా పిర్లో ఉద్యోగం నిలవలేదు. గ్యారీ నెవిల్ సంగతీ అంతే. టీవీలో ఆటని అతనిలా విప్పిచెప్పేవాళ్ళు అరుదు, ఇంగ్లండ్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గానూ చేశాడు. 2015 డిసెంబర్లో వలెన్సియాకి హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. 28 మ్యాచ్‌ల్లో పదే గెలిచి, మార్చిలో ఇంటికొచ్చాడు. ఆటగాళ్ళ భాష స్పానిష్, అది అతనికి అంతంతమాత్రం. ఆటని అర్థం చేసుకోవడమూ, అర్థమైనదాన్ని ఇంకొకడి కాళ్ళలోకి ఎక్కించడమూ వేరువేరు విద్యలని వీళ్ళిద్దరి కథా చెబుతుంది.

దీనికొక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. పెప్ గార్డియోలా సంగతేమిటి? బార్సిలోనా బి జట్టుతో నాలుగో అంచె లీగ్‌లో ఒక్క ఏడాది పనిచేసి, 2008లో 37 ఏళ్ళకే పెద్ద జట్టు పగ్గాలు పట్టాడు. తొలి లీగ్ మ్యాచ్ నుమాన్సియా చేతిలో ఓడాడు, రెండోది డ్రా. ఆ సీజన్ మూడు పెద్ద కప్పులతో ముగిసింది. ముప్పై ఐదేళ్ళు కాచుక్కూర్చోవాలంటే గార్డియోలా పుట్టేవాడే కాదు. దిగితేగానీ లోతు తెలియదంటారు కదా.

నిజమే. ఏళ్ళ లెక్క ఇక్కడ పనికిరాదు. పిర్లోకి దక్కనిదీ గార్డియోలాకి దక్కినదీ ఏమిటని చూస్తే ఆ ఒక్క ఏడాదే కనిపిస్తుంది. చిన్న మైదానాల్లో, ఎవరూ చూడని మ్యాచ్‌ల్లో, పదకొండు పేర్లు తనే రాసి, ఫలితం తనే మోసిన ఏడాది. రహీమ్‌కి అది పోలీస్ జట్టు, బడి మైదానం. పైస్లీకి రిజర్వ్ జట్టు. చిన్న నిర్ణయమైనా పూర్తిగా తనదై ఉండాలి, దాని దెబ్బ తనకే తగలాలి. వింటర్‌బాటమ్‌కి పదవి ఇచ్చి నిర్ణయం ఇవ్వలేదు. రహీమ్‌కి పదవి రాకముందే నిర్ణయాలు అలవాటయ్యాయి. అందుకే 'నేను సిద్ధమేనా' అని అద్దంలో చూసుకుని అడిగితే జవాబు రాదనుకుంటాను. పైస్లీ అలా అడుక్కుని తప్పు జవాబే చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం సరిగ్గా చూశారు, ఎందుకంటే ఏళ్ళ తరబడి గొడవొస్తే వాళ్ళు వెళ్ళింది ఆయన దగ్గరికే.

ఇంకొక్క విషయం చెప్పకపోతే ఈ పోలిక అసంపూర్ణం. ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో బూట్లు పెట్టుకునే చిన్న గదొకటి ఉండేది, 'బూట్ రూమ్'. కోచ్‌లంతా అక్కడ కూర్చుని మ్యాచ్‌ల గురించి మాట్లాడుకునేవారు, ఏ రోజు ఏ శిక్షణ ఇచ్చారో పుస్తకాల్లో రాసిపెట్టేవారు. 1983లో పైస్లీ తప్పుకుంటే అదే గదిలోంచి 62 ఏళ్ళ జో ఫాగన్ వచ్చి, మొదటి సీజన్లోనే లీగ్, లీగ్ కప్, యూరోపియన్ కప్ గెలిచాడు. ఆయనా ఒంటరిగా సిద్ధం కాలేదు, ఒక గది ఆయన్ని సిద్ధం చేసింది.

హైదరాబాద్‌కి గది లేదు, ఒక మనిషి ఉన్నాడు. రహీమ్ శిష్యుడు పి.కె. బెనర్జీ కలకత్తాలో పెద్ద కోచ్ అయ్యాడు. హైదరాబాద్ నుంచే సయ్యద్ నయీముద్దీన్, రహీమ్ కొడుకు ఎస్.ఎస్. హకీమ్ కోచ్‌లయ్యారు. ఆ ఊపులోనే 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మళ్ళీ గెలవలేదు. ఆసియా క్రీడల్లో భారత్‌కి మళ్ళీ స్వర్ణం రాలేదు. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు హెడ్ కోచ్ మనోలో మార్కెస్, స్పెయిన్ దేశస్థుడు. అది తప్పేమీ కాదు, ఆయన మంచి కోచ్. కానీ ఒకప్పుడు దేశానికే జట్టుని ఇచ్చిన ఊళ్ళో, రేపు పదకొండు పేర్లు రాయబోయే మనిషి ఈరోజు ఏ బడి మైదానంలో ఆ పని మొదలుపెట్టాలి? ఇప్పుడు ఏ కాలనీలో చూసినా బడులు అపార్ట్‌మెంట్ల పై అంతస్తుల్లో ఉన్నాయి, కింద మైదానాలే లేవు.